ముఖచిత్రం మీది పెద్దాయన

చివరి ఆరేళ్ళ ఉద్యోగం నేను సముద్రంలో చేశాను. కూర్చున్నది మాత్రం సిడ్నీలో, బ్లాక్‌టౌన్ స్టేషన్‌కి అవతల, టైర్ల షాపు మీద ఉన్న రెండు గదుల ఆఫీసులో. కిటికీలోంచి చూస్తే కార్ పార్కింగూ రేకుల షెడ్లూ. స్క్రీన్ వైపు చూస్తే పొద్దున్నించి సాయంత్రం దాకా ఫిజీ దీవుల నీళ్ళు. ఆ నీలం చూసీ చూసీ ఇంటికెళ్ళే రైల్లో కళ్ళు మూసుకుంటే బోగీ అంతా మెల్లగా పైకీ కిందకీ ఊగుతున్నట్టు ఉండేది. కెల్లీవిల్‌లో ఉన్న మా అమ్మాయి, "అమ్మా, నీకు బీపీ ఏమో చూపించుకో" అనేది. బీపీ లేదు, పాడూ లేదు. హాయిగా ఉండేది.

మాది బందరు. మా సముద్రానికి నీలం ఎక్కడిది? బురద బురదగా, నీళ్ళెక్కువైన టీలాగా ఉంటుంది. అందుకని ఉద్యోగంలో చేరిన వారం ఆ ఫొటోలు చూసి, ఎవరో రంగు బాగా దట్టించేశారనుకుని, అన్నిటికీ నీలం తగ్గించి కూర్చున్నాను. ఫొటోగ్రాఫర్ వచ్చి చూసి లబలబలాడాడు. అక్కడి నీళ్ళు నిజంగానే అలా ఉంటాయట. మళ్ళీ అన్నీ మొదటికి తెచ్చేసరికి రెండు రోజులు పట్టింది.

ఇప్పుడు మీరంతా ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని డిజైన్లు చేస్తున్నారు కాబట్టి చెబుతున్నాను, నేనేమీ డిజైనర్‌గా పుట్టలేదు. విజయవాడలో డీటీపీ చేసేదాన్ని. స్కూలు గైడ్లూ, శుభలేఖలూ, ఓట్లొస్తే కరపత్రాలూ. మా ఆయన వీసా మీద ఇక్కడికొచ్చాక గోడౌన్‌లో పెట్టెలు సర్దాను, జిరాక్స్ షాపులో పనిచేశాను. ఆ తర్వాత దొరికింది ఈ ఉద్యోగం. ఫిజీ వాళ్ళ బతుకు, వాళ్ళ పనితనం, వాళ్ళ పెద్దల నుంచి వచ్చిన పద్ధతులు, వీటి మీద పెద్ద పెద్ద బొమ్మల పుస్తకాలు వేసే చిన్న కంపెనీ. మొదటిది చాపల అల్లిక మీద. రెండోది వంటల మీద, నేలలో గొయ్యి తీసి కాలిన రాళ్ళ మీద దుంపలూ మాంసమూ ఎలా మగ్గబెడతారో అదంతా. ఈ సిడ్నీ పడమటి వైపున్న ఫిజీ కుటుంబాలే మా గిరాకీ. ఇక్కడ పుట్టిన వాళ్ళ పిల్లలూ మన పిల్లల్లాంటి వాళ్ళే. ఇంట్లో భాష అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో చెబుతారు. వాళ్ళ చేతుల్లో పెట్టడానికి ఆ పుస్తకాలు కొనేవారు.

మూడో పుస్తకం చేపలవేట మీద. నేను చెప్పేది దాని గురించే.

ఆఫీసులో ఉండేది ముగ్గురం. ఎడిటరమ్మ ఇక్కడి మనిషి. పొడుగ్గా, నెమ్మదిగా, మాట పైకి అనేముందు లోపల ఒకసారి తూచుకునే రకం. ఎదుటివాళ్ళని నొప్పించడం కన్నా తనే ఏదో ఒకటి మింగేద్దాం అనుకునే మనిషి. ఫొటోగ్రాఫర్ దానికి పూర్తిగా తిరగబడ్డ బాపతు, నోటికొచ్చింది అనేసి తర్వాత బిస్కట్లు తెచ్చి పెట్టేవాడు. మూడోదాన్ని నేను. శనివారాలు మాత్రం నాలుగో మనిషి వచ్చేది. నలభై అయిదేళ్ళ ఫిజీ ఆవిడ. వారమంతా వృద్ధాశ్రమంలో పనిచేసి, శనివారం మా దగ్గరికొచ్చి బొమ్మల కింద రాసింది సరిగ్గా ఉందో లేదో చూసిపెట్టేది. నన్ను "ఆంటీ" అనేది. ఉడకబెట్టిన కర్రపెండలం డబ్బా తెచ్చేది, నేను గోంగూర పచ్చడి తెచ్చేదాన్ని. ఆ రెండూ కలిపి తింటే ఉంటుంది చూడండి, ఆ రుచి రెండు దేశాల్లోనూ ఎవరికీ తెలియదు.

చేపలవేట పుస్తకం ముఖచిత్రం మీద ఈవిడ నాన్న. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. పెద్దాయన నడుం లోతు నీళ్ళలో నిలబడి విసురు వల విసిరాడు. వల గాల్లో గుండ్రంగా విచ్చుకుంది, ఇంకా నీళ్ళని తాకలేదు. వెలుతురు దాంట్లోంచి జల్లెడ పట్టినట్టు పడుతోంది. ఆయన ముఖంలో ఎవరో చూస్తున్నారన్న ధ్యాసే లేదు. ఆ ఫొటో ముందు కూర్చుంటే నాకు టైం తెలిసేది కాదు. ఆవిడ మొదటిసారి చూసినప్పుడు బొమ్మని స్క్రీన్ నిండా పెద్దది చేయించుకుంది. తర్వాత చెప్పింది, వాళ్ళ నాన్న కెమెరా చూస్తే మొహం తిప్పేసుకుంటాడట, పెళ్ళి ఫొటోలో కూడా పక్కకే చూస్తాడట. ఆ రోజే వాళ్ళ ఊరికి ఫోన్ చేసి, నాన్న పుస్తకం అట్ట మీద వస్తున్నాడని అమ్మకి చెప్పేసింది. అచ్చవగానే మొదటి కాపీ తనే తీసుకెళ్ళి అమ్మ ఒళ్ళో పెడతానని మాటిచ్చింది.

పుస్తకం ప్రింటర్‌కి వెళ్ళడానికి ఇంకొన్ని రోజులుందనగా పెద్దాయన పోయాడు. నిద్రలోనే. కూతురు ఆ సాయంత్రమే విమానం ఎక్కింది.

మర్నాడు ఎడిటరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టింది. ఈ దేశపు మొదటి వాసుల్లో చాలామందికి పోయినవాళ్ళ బొమ్మ చూపించడం, పేరు పలకడం పెద్ద బాధ. అందుకే ఇక్కడి పుస్తకాల్లో మొదటి పేజీలోనే ముందుగా హెచ్చరిక రాస్తారు. ఎడిటరమ్మ వెనకటి ఉద్యోగంలో ఒక తల్లి తన కొడుకు బొమ్మ హఠాత్తుగా చూసి ఎలా కుప్పకూలిపోయిందో కళ్ళారా చూసిందట. అది ఆవిడ మనసులోంచి పోలేదు. పెద్దాయన ఫొటోలన్నీ తీసేద్దాం అంది. ఫొటోగ్రాఫర్ గయ్యిమన్నాడు. నేనూ ఊరుకోలేదు. మా ఇళ్ళలో అయితే పోయిన రోజే ఫొటో పెద్దది చేయించి, దండేసి, హాల్లో పెడతాం, వచ్చినవాళ్ళందరూ దణ్ణం పెట్టుకునేది దానికే అన్నాను.

"అది మీ ఇల్లు," అంది ఎడిటరమ్మ మెత్తగా. "వాళ్ళ ఇంట్లో ఎలాగో మనకి తెలియదు కదా."

ఆ మాట నిజం. తెలియనప్పుడు అడగాలి. అది మాత్రం ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. తట్టలేదనడం కూడా తప్పే. తట్టింది. తండ్రి పోయి ఏడుస్తున్న మనిషికి ఫోన్ చేసి అట్ట గురించి ఎలా అడుగుతాం అని ముగ్గురమూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని ఊరుకున్నాం. పూలూ కార్డూ పంపించాం.

పెద్దాయన బదులు పెట్టే బొమ్మ వెతికింది నేనే. అదే ఒడ్డు, అదే వెలుతురు, అదే నీళ్ళు. వల పట్టుకుని నిలబడ్డది మా ఫిజీ ఆవిడ పెదనాన్న కొడుకు, కండలు తిరిగిన మనిషి, మంచి నవ్వు. అక్షరాలు కూడా జరపక్కర్లేకుండా అతికినట్టు కూర్చుంది. ఎడిటరమ్మ ఊపిరి పీల్చుకుంది. రంగుల ప్రింటు తీసి గోడకి అంటించాం.

ఫైలు ప్రింటర్‌కి పంపాల్సిన శుక్రవారం పొద్దున, చెప్పా పెట్టకుండా ఫిజీ ఆవిడ ఊరి నుంచి తిరిగొచ్చింది. నల్లబట్టల్లో ఉంది, మొహం పీక్కుపోయింది. పూలు పంపినందుకు థాంక్స్ చెప్పి వెళ్దామని వచ్చిందట. నన్ను కావలించుకుంది. ఎడిటరమ్మని కావలించుకుంటూ ఆవిడ భుజం మీంచి గోడ వైపు చూసింది.

గోడ దగ్గరికి నడిచింది. తర్వాత, "నాన్న ఏడీ?" అంది.

ఎడిటరమ్మ కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఎందుకు తీసేశామో మెల్లగా, జాగ్రత్తగా చెప్పింది. ఆవిడ అడ్డు రాకుండా అంతా విన్నది. కోప్పడి ఉంటే ఎంత బాగుండేదో. కోప్పడలేదు.

"నాన్న పోయిన రోజే ఆ నీళ్ళు మూసేశారు," అంది. "మా వంశంలో పెద్ద పోతే అంతే. వంద రాత్రులు ఆ పగడపు దిబ్బ దగ్గరికి ఎవరూ వెళ్ళరు. వల కాదు కదా, గాలం కూడా వెయ్యరు. ఊరు ఊరంతా దూరంగా వేరే చోటికి పోయి చేపలు తెచ్చుకుంటోంది. మీరు నాన్నని తీసేసి, అవే నీళ్ళలో మా అన్నని నిలబెట్టారు."

ఫొటో తీసింది ఏడాది కిందట. కానీ చూసేవాళ్ళకి ఆ సంగతి ఏం తెలుస్తుంది? పుస్తకం బయటికొచ్చేది ఆ వంద రాత్రుల నడుమ. ఊళ్ళో అందరూ చూస్తారు, పెద్దాయన లేడు, ఆయన కోసం మూసిన నీళ్ళలో ఆయన అన్నకొడుకు నవ్వుతూ వల పట్టుకుని ఉన్నాడు. ఆ మనిషి ఊళ్ళో తలెత్తుకోలేడు. ఇక్కడి నుంచి అన్నీ చూసిపెట్టిన మనిషిగా ఈవిడా తలెత్తుకోలేదు. మర్యాద చేస్తున్నామనుకుని మేం చేసిన ఘనకార్యం అది.

"నిన్ను బాధపెట్టకూడదని అడగలేదు," అంది ఎడిటరమ్మ.

"అడిగితే మాకు బాధ ఉండదు," అంది ఆవిడ. "అడగడానికే మాకు ఒక పద్ధతి ఉంది."

ఆ పద్ధతి ఏమిటో కూడా తనే చెప్పింది. నాన్న తర్వాత ఇప్పుడు పెద్ద, వాళ్ళ బాబాయి. ఇక్కడే బ్లాక్‌టౌన్‌లో ఉంటాడు, బస్సు నడుపుతాడు. సరే అనాల్సింది ఆయన, కూతురు కాదు. ఆయన దగ్గరికి కావా వేళ్ళు, అంటే వాళ్ళు దంచి నీళ్ళలో కలుపుకుని తాగే మొక్క వేళ్ళు, తీసుకుని వెళ్ళాలి, కింద చాప మీద కూర్చోవాలి, అడగాలి. ఆయన కాదంటే కాదనే. అమ్మకి తనిచ్చిన మాట ఏమవుతుందో తనకే తెలియదంది.

ఎడిటరమ్మ లేచి, ముందు ప్రింటర్‌కి ఫోన్ చేసి ఆపమంది. తర్వాత మా యజమానికి చేసింది. ఆయన అరుపులు నాకు ఇవతల గదిలోకి వినిపించాయి. ఈ రోజు ఫైలు పోకపోతే మిషన్ ఇంకొకరికి ఇచ్చేస్తారు, ఆవిష్కరణకి జనాన్ని పిలిచేశాం, హాలు మాట్లాడేశాం, ఒక్క ఫొటో కోసమా అని. ఎడిటరమ్మ అంతా విని, "అవును, ఒక్క ఫొటో కోసమే," అని పెట్టేసింది. ఆ రోజు నుంచి ఆవిడంటే నాకు తగని గౌరవం.

శనివారం మధ్యాహ్నం వెళ్ళాం. ఫిజీ సామాన్ల షాపులో కావా పొడి ప్యాకెట్ తీసుకోబోతే ఆవిడ ఆపింది. పొడి పనికిరాదు, వేళ్ళు కట్టగా ఉండాలి. అది కూడా ఒకటి కాదు, రెండు. ఒకటి దుఃఖానికి, ఇంకోటి అడగడానికి. మేం పరామర్శకి రాలేదు కదా మరి, ముందు అది కావాలి. ఎడిటరమ్మ ప్యాంటు మీద లుంగీలా ఒక బట్ట చుట్టుకుంది. నేను చీర కట్టుకొచ్చాను, నాకేమీ చుట్టక్కర్లేదన్నారు.

బాబాయి గారి కారు గ్యారేజీలో సిమెంటు నేలంతా చాపలు పరిచారు. మొదటి పుస్తకంలో నేను పేజీలు పేజీలుగా సర్దిన చాపలే, వాటి మీద కూర్చోవడం మాత్రం అప్పుడే. గ్యారేజీ తలుపు సగం ఎత్తి ఉంది, కింది నుంచి ఎండ పడుతోంది. బాబాయి గారు ఎదురుగా మఠం వేసుకుని కూర్చున్నారు. పెద్ద మనిషి, పెద్ద చేతులు. మా తరఫున మాట్లాడటానికి పక్కింటి ఆయన్ని ఆవిడే ఒప్పించింది. మనంతట మనం గబుక్కున విషయంలోకి దిగకూడదట.

మొదటి కట్ట ముందుకు జరిపారు. పక్కింటాయన వాళ్ళ భాషలో ఏదో అన్నాడు. ఎడిటరమ్మ ఒక్క వాక్యం చెబితే చాలు అన్నారు, అదీ చెప్పలేకపోయింది, ఏడ్చేసింది. ఎవరూ ఊరుకోమనలేదు. ఏడవనిచ్చారు. బాబాయి గారు కట్ట మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకుని, గొంతులోనే ఏదో చెప్పి, అరచేతులు దొప్పల్లా చేసి చప్పట్లు కొట్టారు. తర్వాత రెండో కట్ట.

పక్కింటాయన మా కోరిక చెప్పాడు. బయట ఎవరో లాన్ కోస్తున్నారు, ఆ మిషన్ చప్పుడొక్కటే. నా పక్కన ఆవిడ రెండు చేతులూ ఒళ్ళో బిగించి పట్టుకుని కూర్చుంది. ఈయన కాదంటే వాళ్ళమ్మకి ఏం చెబుతుందో అని నాకు ఒకటే దిగులు. చివరికి ఆయన నా వైపు తిరిగి, నా చేతిలో చుట్టిన కాగితం చూపించమన్నారు. పెద్దాయన బొమ్మని చాప మీద పరిచాను. మూలలు లేచిపోతుంటే ఆయనే తన అరచేతులు ఆనించారు.

అన్నని చూసుకుంటూ ఎంతసేపు ఉన్నారో. తర్వాత ఇంగ్లీషులో, మాకు నేరుగా చెప్పారు.

"పెట్టండి. కానీ నీళ్ళు తెరిచాకే ఈ పుస్తకం తెరవండి."

ఎడిటరమ్మ అలాగేనంది. ఇంక హాలు లేదు, ఆవిష్కరణ లేదు, యజమాని కేకలు ఎలాగూ తప్పవు, అయినా ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నా పక్కన బిగిసిన చేతులు వదులయ్యాయి.

ఆ తర్వాత కావా కలిపారు. చెక్క గిన్నెలో, అచ్చం మా బందరు నీళ్ళ రంగు. చప్పట్లు కొట్టి ఒక్క గుక్కలో తాగాలి. మట్టి రుచి, ఆపైన నాలుక మొద్దుబారిపోతుంది. ఎవరో గిటారు తీశారు. పెద్దగా కాదు, తమలో తాము పాడుకుంటున్నట్టు. ఎండ చాపల మీదికి పాకింది. ఎడిటరమ్మ మోకాళ్ళ నొప్పి మరిచిపోయి గోడకి ఆనుకుంది. అది బ్లాక్‌టౌన్‌లో ఎవరిదో గ్యారేజీ అని నాకు తెలుస్తూనే ఉంది, అయినా చాప కింద నీళ్ళు కదులుతున్నట్టే ఉంది. ఎప్పుడు లేచామో, నన్ను ఇంటి దగ్గర ఎవరు దింపారో సరిగ్గా గుర్తు లేదు. మా అమ్మాయి మళ్ళీ బీపీ అంది.

సోమవారం పెద్దాయన్ని అట్ట మీదికి తెచ్చాను. ఆవిడ పెదనాన్న కొడుకు బొమ్మ లోపలి పేజీల్లోకి వెళ్ళింది, ఎప్పుడు తీసిందో కింద రాశాం. యజమాని చాలా రోజులు మాతో సరిగ్గా మాట్లాడలేదు. పుస్తకాలు అచ్చయి వచ్చాక పెట్టెల్లోనే ఉండిపోయాయి, విప్పకుండా. ఆ పెట్టెల పక్కన కూర్చుని నేను ఇంకేదో పని చేస్తూ, ఎవరూ అడుగు పెట్టని ఆ నీళ్ళ గురించే అనుకునేదాన్ని. అక్కడ చేపలు భయం లేకుండా తిరుగుతూ ఉంటాయి, పెద్దవవుతూ ఉంటాయి. మనిషి పోయినందుకు సముద్రానికి సెలవివ్వడం. అంత గొప్ప సంతాపం నేనెక్కడా వినలేదు.

మీలాంటి పిల్లలు నన్ను అడుగుతుంటారు, వేరే వాళ్ళ సంగతులు పుస్తకంగా వేసేటప్పుడు ఏం జాగ్రత్త తీసుకోవాలి ఆంటీ అని. జాగ్రత్తకేం, మేం బోలెడు తీసుకున్నాం. జాగ్రత్త పడీ పడీ కొంప ముంచుకోబోయాం. వెళ్ళి అడగండి. తలుపు కొట్టడానికి మొహమాటంగా ఉంటే, ఆ మొహమాటంతోనే వెళ్ళి కొట్టండి.

నీళ్ళు తెరిచే రోజుకి ఆవిడ మొదటి కాపీ తీసుకుని ఊరెళ్ళింది. ఆ సాయంత్రం నాకు వీడియో కాల్ చేసింది. పొద్దున్నే మగవాళ్ళంతా వలలతో దిగారట, చేపలు గంపలు గంపలుగా పడ్డాయట, ఊరంతా విందులో ఉందట. తర్వాత ఫోన్ అటు తిప్పింది. చాప మీద వాళ్ళమ్మ, చిన్న మనిషి, నెరిసిన జుట్టు. ఒళ్ళో పుస్తకం. అట్ట ఇంకా తిప్పలేదు, అలాగే చూస్తోంది.

వాళ్ళమ్మది కొండల వైపు ఊరట. పెళ్ళై వచ్చినప్పటి నుంచి నీళ్ళంటే భయం. ఆయన చీకటితోనే లేచి వెళ్ళిపోయేవాడు, చేపలతో తిరిగొచ్చేవాడు. ఆ వేళప్పుడు ఆవిడ ఏనాడూ ఒడ్డుకి వెళ్ళలేదు. చిరిగిన వల తెచ్చి ముందు పడేస్తే కుట్టిపెట్టేది.

ముసలావిడ తలెత్తకుండానే ఏదో అడిగింది. కూతురు నాకు చెప్పింది.

"అమ్మ అడుగుతోంది ఆంటీ, వల అంత పెద్దగా విచ్చుకుంటుందా అని. యాభై ఏళ్ళు కుట్టిందే కానీ, తెరుచుకోవడం ఎప్పుడూ చూడలేదట."

అవునని చెప్పమన్నాను. అప్పటికే ముసలావిడ మా మాటలు వినడం లేదు. పుస్తకం కళ్ళ దగ్గరికి తెచ్చుకుని, అట్ట మీద వేలు పెట్టి, గాల్లో ఉన్న ఆ వలలో తన కుట్లు వెతుక్కుంటోంది.